పెద్దల యానిమేషన్ కామెడీలో సున్నితమైన సామాజిక విషయాలు

పెద్దల యానిమేషన్ కామెడీ అంటే బొమ్మలతో తీసినా పిల్లలకు కాక వయసొచ్చినవాళ్లకు ఉద్దేశించిన హాస్య ధారావాహికలు, సినిమాలు. అమెరికన్ టెలివిజన్‌లో 1990లలో స్థిరపడిన ఈ ప్రక్రియ ఇప్పుడు స్ట్రీమింగ్ సంస్థలకు ముఖ్యమైన సరుకు. జాతి, మతం, లైంగికత, అబార్షన్, వైకల్యం, మత్తు వ్యసనం లాంటి విషయాల జోలికి మామూలు కుటుంబ సీరియళ్లు భయంభయంగా వెళ్తే, ఈ కార్టూన్లు తిన్నగా వెళ్లిపోతాయి. వాటి మీద జరిగే వాదన మాత్రం ఎన్నాళ్లయినా ఒకే చోట తిరుగుతోంది: ఫలానా విషయం మీద నవ్వొచ్చా, నవ్వకూడదా? ఈ ప్రశ్నతో ఎటూ తేలదు. ఒకే విషయం తీసుకుని ఒక కార్టూన్ ఆలోచనలో పడేస్తుంది, మరొకటి మనసు గాయపరుస్తుంది. తన కథలో జరిగినదాన్ని, తాను అన్న మాటను ఆ కార్టూన్ తర్వాత గుర్తుపెట్టుకుంటుందా అన్నది అడిగితే ఈ తేడా చాలావరకు అర్థమవుతుంది. బొమ్మ ఇచ్చే దూరం వల్ల ఏదైనా అనే వీలు చిక్కుతుంది. అన్న మాటకు బరువు వచ్చేది జ్ఞాపకం వల్ల.

ముందు ఆ దూరం సంగతి. నటుడు తెర మీద దెబ్బ తింటే చూసేవాళ్లకు నొప్పి తెలుస్తుంది. నాలుగు గీతలతో గీసిన ముఖానికి తగిలితే నవ్వొస్తుంది. అందుకే మనుషులతో తీస్తే ఏ చానెలూ ఒప్పుకోని సన్నివేశాలు బొమ్మల్లో గట్టెక్కుతాయి. దీనికి తోడు కార్టూన్‌లో కాలం కదలదు. 'ది సింప్సన్స్'లోని కుర్రాడు బార్ట్ సింప్సన్‌కు 1990లోనూ పదేళ్లే, ఇప్పుడూ పదేళ్లే. ఈ కదలని కాలం వెనక వ్యాపార కారణం ఉంది. పాత పద్ధతిలో అమెరికన్ సిరీస్‌కు అసలు లాభాలు మొదటి ప్రసారంలో వచ్చేవి కావు. వంద దాకా ఎపిసోడ్లు పోగయ్యాక, స్థానిక స్టేషన్లకు పునఃప్రసార హక్కులు అమ్మినప్పుడు వచ్చేవి. ఆ స్టేషన్లు ఏ ఎపిసోడ్‌నైనా ఏ రోజైనా వేసుకునేవి. కాబట్టి ప్రతి కథా ఇరవై పైచిలుకు నిమిషాల్లో మొదలై, ముగిసేలోగా అందరినీ మొదట ఉన్నచోటే కూర్చోబెట్టాలి. పోయిన ఉద్యోగం తిరిగి రావాలి, తగలబడిన ఇల్లు మళ్లీ నిలబడాలి. హాస్యానికి ఈ ఏర్పాటు బాగా కుదిరింది. సామాజిక విషయాల దగ్గరికి వచ్చేసరికి ఇదే పెద్ద చిక్కు అయింది. జాతివివక్షో, అబార్షనో ఈ వారం కథావస్తువు అవుతుంది, వచ్చే వారానికి ఆ ఊళ్లో అది ఎవరికీ గుర్తుండదు. నిజజీవితంలో ఇలాంటివి మనుషులను అంత తేలిగ్గా వదిలిపెట్టవు.

1960 సెప్టెంబరులో ఏబీసీ చానెల్ రాత్రి వేళల్లో మొదలుపెట్టిన హన్నా-బార్బెరా వారి 'ది ఫ్లింట్‌స్టోన్స్'ను ఈ ప్రక్రియకు తొలి మెట్టుగా చెబుతారు. తర్వాతి కాలంలో అది పిల్లల కార్టూన్‌గా స్థిరపడింది గానీ, మొదటి రోజుల్లో దాని ప్రాయోజకుల్లో విన్‌స్టన్ సిగరెట్లు ఒకటి. అందులోని పాత్రలు ఫ్రెడ్, బార్నీ ఇద్దరూ సిగరెట్లు కాలుస్తూ ప్రకటనల్లో కనిపించేవారు. 1963లో ఈ సిరీస్ పిల్లలు కలగని దంపతుల బాధను కథగా తీసుకుంది. పక్కింటి బార్నీ, బెట్టీలకు గుమ్మం ముందు ఓ పసివాడు దొరుకుతాడు. వాణ్ని దత్తత తీసుకోవడానికి కోర్టుకెక్కాల్సి వస్తుంది. ఆ కాలపు టెలివిజన్‌లో సంతానలేమి గురించి ఇంత సూటిగా మాట్లాడటం మామూలు విషయం కాదు. అంతకన్నా చెప్పుకోవలసింది మరొకటి ఉంది: ఆ పిల్లవాడు బామ్-బామ్ మరుసటి వారం మాయం కాలేదు, సిరీస్ ముగిసేదాకా ఆ ఇంటి బిడ్డగానే ఉన్నాడు. 1972లో రాల్ఫ్ బాక్షీ తీసిన 'ఫ్రిట్జ్ ద క్యాట్' అమెరికాలో ఎక్స్ సర్టిఫికెట్ పొందిన తొలి యానిమేషన్ చలనచిత్రం. జాతి, మత్తుమందులు, విద్యార్థి రాజకీయాలు అన్నీ అందులో ఉన్నాయి. అయితే అది థియేటర్ దారి. టెలివిజన్ ఆ దారి పట్టలేదు.

టెలివిజన్‌ను మార్చింది 'ది సింప్సన్స్'. 1987లో 'ది ట్రేసీ ఉల్‌మన్ షో'లో చిన్నచిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరు 17న ఫాక్స్ చానెల్‌లో సొంత సిరీస్‌గా వచ్చింది. 1997 ఫిబ్రవరిలో ప్రసారమైన 'హోమర్స్ ఫోబియా' అనే ఎపిసోడ్‌ను కొంచెం దగ్గరగా చూడాలి. పాత వస్తువుల దుకాణం నడిపే జాన్‌తో హోమర్‌కు స్నేహం కుదురుతుంది. జాన్ స్వలింగ సంపర్కుడని తెలియగానే హోమర్ బెంబేలెత్తిపోతాడు. కొడుకు బార్ట్ ఎక్కడ అలా అయిపోతాడోనని, ఆడవాళ్ల బొమ్మలున్న సిగరెట్ హోర్డింగు ఎదుట వాణ్ని కూర్చోబెడతాడు. వాడికి చివరికి పుట్టేది సిగరెట్ మీద కోరిక. మగతనం ఉట్టిపడే చోటు చూపిద్దామని ఉక్కు కర్మాగారానికి లాక్కెళ్తే, అక్కడి కార్మికులందరూ స్వలింగ సంపర్కులే; చూస్తుండగానే ఫ్యాక్టరీ డిస్కో అయిపోతుంది. ఆఖరికి వేటకు తీసుకెళ్లి ప్రాణాల మీదికి తెచ్చుకుంటే కాపాడేది జానే. నీ గౌరవం సంపాదించడానికి నీ ప్రాణం కాపాడితే సరిపోయింది, మావాళ్లందరూ ఇదే పని చేస్తే ఇక ఏ ఇబ్బందీ ఉండదు అని జాన్ అనే మాటలో ఎపిసోడ్ సారమంతా ఉంది. నవ్వంతా హోమర్ భయం మీద. ఆ భయం ఒక్క రోజులో పూర్తిగా పోయినట్టు కూడా చూపించలేదు. ఫాక్స్ సెన్సార్ విభాగం మొదట ఈ కథావస్తువునే ఒప్పుకోలేదు. యాజమాన్యం మారాక అనుమతి వచ్చింది, తర్వాత ఎమ్మీ పురస్కారమూ వచ్చింది. 2005లో హోమర్ భార్య మార్జ్‌కు అక్క అయిన పాటీ తాను స్వలింగ సంపర్కురాలినని బయటపెట్టింది. ఆ తర్వాతి కథల్లోనూ ఆమె అలాగే ఉంది. ఏదీ కదలని వాళ్ల ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ కూడా కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

1997 ఆగస్టు 13న కామెడీ సెంట్రల్‌లో మొదలైన 'సౌత్ పార్క్'ది వేరే పద్ధతి. 'సింప్సన్స్' ఎపిసోడ్ తయారవడానికి నెలలు పడుతుంది. 'సౌత్ పార్క్' సృష్టికర్తలు ట్రే పార్కర్, మ్యాట్ స్టోన్ ఆరు రోజుల్లో తమ ఎపిసోడ్ పూర్తి చేయడం అలవాటు చేసుకున్నారు. 2005 మార్చిలో ఈ వేగం పనికొచ్చింది. ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి స్పృహ లేకుండా ఉన్న టెరీ షైవోకు ఆహార గొట్టం తీసేయాలా, ఉంచాలా అని కోర్టులు, చట్టసభలు, చర్చిలు కొట్లాడుకుంటున్నాయి. 'సౌత్ పార్క్' ఎపిసోడ్ మార్చి 30న వచ్చింది. మరునాడే ఆమె మరణించింది. కథలో, ఆ సిరీస్ పిల్లల్లో ఒకడైన కెన్నీ అదే స్థితిలో ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. బతికించాలని ఒక గుంపు, వదిలేయాలని ఇంకో గుంపు వాకిట్లో అరుస్తుంటాయి. అతని వీలునామాలో ఆఖరి పుట కనపడకుండా పోతుంది. అది దొరికాక చదివితే, అలాంటి స్థితిలో తనను దేశమంతా చూసేలా టీవీలో చూపించవద్దన్నదే ఆ పిల్లవాడి కోరిక. అప్పటిదాకా కెమెరాలు చేస్తున్న పని అదే. ఎవరి పక్షం సరైనదన్న ప్రశ్నను వదిలేసి, మంచం మీద ఉన్న మనిషి ఏమనుకుని ఉంటుందన్న ప్రశ్నను ముందుకు తెచ్చిన కథ ఇది. ఒక మనిషి చావుబతుకుల్లో ఉండగా దీన్ని ప్రసారం చేయడం క్రూరం కాదా అని అడగొచ్చు. ఆమె బొమ్మను గానీ, పేరును గానీ ఎగతాళికి వాడకుండా, ఆమె చుట్టూ మూగిన జనం మీదే వ్యంగ్యాన్ని ఎక్కుపెట్టారు కాబట్టి ఆ అభ్యంతరం ఇక్కడ నిలవదని నా అభిప్రాయం.

2007 మార్చి నాటి 'విత్ అపాలజీస్ టు జెసీ జాక్సన్' ఇంకా సాహసమైనది. ఆ పిల్లల్లో మరొకడైన స్టాన్ తండ్రి రాండీ ఓ టీవీ పోటీలో ఖాళీలు పూరించబోయి, నల్లజాతివారిని అవమానించే పాత తిట్టును దేశం మొత్తం వినేలా అరుస్తాడు. ఆ తిట్టు ఎపిసోడ్‌లో పదేపదే, బీప్ లేకుండా వినిపిస్తుంది. మరునాడు బడిలో స్టాన్ తన నల్లజాతి స్నేహితుడు టోకెన్ దగ్గరికి వెళ్లి నీ బాధ నాకు అర్థమైందంటాడు. టోకెన్‌కు ఒళ్లు మండుతుంది. స్టాన్ మళ్లీ మళ్లీ వెళ్తాడు, ప్రతిసారీ అర్థమైందనే అంటాడు, ప్రతిసారీ దూరం పెరుగుతుంది. చివరికి, నాకిది అర్థం కాదని, నేనెప్పటికీ అర్థం చేసుకోలేనని ఒప్పుకున్నప్పుడే టోకెన్ ముఖం విప్పారుతుంది. జాతి గురించి తెల్లవాళ్లు రాసిన హాస్యంలో ఇంత నిజాయితీ అరుదు. ఎందుకంటే ఇక్కడ రచయితలు తమ పరిమితిని పాత్ర చేతే చెప్పించారు. పదిహేనేళ్ల తర్వాత, 2022లో, ఈ సిరీస్ ఇంకో అడుగు వేసింది. ఆ కుర్రాడి పేరు మొదటి నుంచీ నామమాత్రపు ప్రాతినిధ్యం మీద వేళాకోళం. అయితే అది తన అసలు పేరు కాదని, తనకు ప్రసిద్ధ రచయిత టోల్కీన్ పేరు పెట్టారని, అందరూ వేరేగా ఊహించుకున్నారని కుర్రాడు బయటపెడతాడు. పాత్రలతో పాటు ప్రేక్షకులు కూడా అందులో దోషులే. పర్యావరణం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 2006లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ హెచ్చరికలను లేని భూతం కోసం చేసే గోలగా ఎద్దేవా చేసిన ఈ సిరీస్, 2018 నవంబరులో అదే భూతాన్ని నిజంగా ఊరి మీదికి వదిలి, పిల్లల చేత గోర్‌కు క్షమాపణ చెప్పించింది. వాతావరణ మార్పును వెక్కిరించినప్పుడు జరిగిన నష్టం దీంతో తుడిచిపెట్టుకుపోదు. అయినా హాస్యరచయితలు తమ తప్పుకు తమ కథలోనే లెక్క చెప్పడం మెచ్చుకోదగ్గ విషయం.

ఈ సిరీస్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. అది అందరినీ సమానంగా వెక్కిరిస్తుంది కాబట్టి పక్షపాతం లేదన్నది మొదటిది. ప్రేక్షకులు తెలివైనవాళ్లు, వ్యంగ్యాన్ని వ్యంగ్యంగానే తీసుకుంటారన్నది రెండోది. రెండో మాటను పరీక్షించిన పరిశోధన చాలా పాతది. 1971లో మొదలైన నార్మన్ లియర్ సిరీస్ 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'లో ఆర్చీ బంకర్ అనే జాతి దురహంకారి నవ్వులపాలవుతూ ఉంటాడు. అది బొమ్మల సిరీస్ కాదు, కానీ తర్వాతి కార్టూన్ తండ్రులందరికీ పెద్దన్న లాంటివాడు ఆర్చీ. నీల్ విడ్‌మార్, మిల్టన్ రోకీచ్ 1974లో ప్రచురించిన అధ్యయనంలో, దురభిమానం ఎక్కువగా ఉన్న ప్రేక్షకులు ఆర్చీని మెచ్చుకున్నారనీ, వాదనల్లో అతనే నెగ్గుతున్నాడని అనుకున్నారనీ తేలింది. ఎవరి కళ్లకు వాళ్ల ఆర్చీ కనిపించాడు. 2005లో 'సౌత్ పార్క్' ఎర్రజుట్టు పిల్లల మీద, అందులోని కుర్రాడు కార్ట్‌మన్ ద్వేషం రెచ్చగొట్టే కథ చెప్పింది. జాతి ద్వేషం ఎంత అర్థరహితమో చూపించడమే ఆ కథ ఉద్దేశం, కార్ట్‌మన్‌కు బుద్ధి కూడా వస్తుంది. 2009 నవంబరులో కాలిఫోర్నియాలోని కలబాసస్ అనే ఊళ్లో ఒక మిడిల్ స్కూల్లో, ఎర్రజుట్టు వాళ్లను తన్నే రోజట అంటూ నిజం పిల్లలు నిజం పిల్లలను తన్నారు. ఆ పిలుపు వెనక ఈ ఎపిసోడ్ ప్రేరణ ఉందని వార్తల్లో వచ్చింది. కథలోని నీతి వాళ్లకు గుర్తులేదు, పేరడీ ద్వేషం మాత్రం గుర్తుంది. ఒక్క ఎపిసోడ్‌లో ముగిసి మూతపడే కథ నుంచి జనం నోళ్లలో మిగిలేది తరచూ ఒక నినాదమే. దీంతో మొదటి మాట కూడా బలహీనపడుతుంది. అందరి మీదా ఒకే రాయి విసిరినా, ముందే దెబ్బలు తిని ఉన్నవాడికి అది వేరేగా తగులుతుంది.

'ఫ్యామిలీ గై' మతిమరుపునే శైలిగా చేసుకున్న సిరీస్. సెత్ మెక్‌ఫార్లేన్ 1999లో మొదలుపెట్టిన ఈ కార్టూన్‌లో కథ మధ్యలో తెగి, సంబంధం లేని ఓ పది క్షణాల జోకు వచ్చి పోతుంది. ఆ జోకు హింస మీదైనా, రోగం మీదైనా, తిరిగి కథలోకి వచ్చేసరికి దాని జాడ ఉండదు. నవ్వుకు ఇది చురుకైన పద్ధతే. దెబ్బ తిన్నవాళ్ల ముఖం ఒక్కసారి కూడా తెర మీదికి రానివ్వకపోవడం దీని లోపం. ఈ సిరీస్ నిజంగా రాణించింది కథలో కాసేపు నిలబడినప్పుడే. 2010 ఫిబ్రవరిలో వచ్చిన ఎపిసోడ్‌లో కుర్రాడు క్రిస్ డౌన్ సిండ్రోమ్ ఉన్న ఎలెన్‌తో ప్రేమలో పడతాడు. ఆమె దబాయించే మనిషి, చిరాకు మనిషి, చివరికి ఇద్దరూ విడిపోతారు. అందులో ఒక మాట తన కొడుకును ఉద్దేశించిందని రాజకీయ నాయకురాలు సారా పేలిన్ ఆగ్రహించారు. ఎలెన్‌కు గొంతు ఇచ్చిన ఆండ్రియా ఫే ఫ్రీడ్‌మన్‌కు స్వయంగా డౌన్ సిండ్రోమ్ ఉంది; పేలిన్‌కు హాస్యం తెలియదనీ, తనను తల్లిదండ్రులు మామూలు మనిషిలా పెంచారనీ ఆమె జవాబిచ్చారు. జాలిపడదగ్గ దేవతలా కాక మొండి ప్రియురాలిలా ఆ పాత్రను రాయడం గౌరవమే అని నేననుకుంటాను. తల్లి కోపంలోనూ నిజం ఉంది. కానీ ఆ స్థితిలో జీవిస్తున్న నటి మాటను పక్కన పెట్టి తీర్పు చెప్పడం కుదరదు. అదే ఏడాది అబార్షన్ మీద తీసిన ఎపిసోడ్‌ను ఫాక్స్ ప్రసారం చేయలేదు. అది బ్రిటన్‌లో బీబీసీ త్రీలో వచ్చింది, అమెరికాలో డీవీడీగా అమ్ముడైంది.

తెలుగువారికి బాగా దగ్గరైన ఉదాహరణ 'సింప్సన్స్'లోని అపూ. 1990లో పరిచయమైన ఈ భారతీయ కిరాణా కొట్టు యజమానికి తెల్లజాతి నటుడు హ్యాంక్ అజారియా గొంతు ఇచ్చాడు. 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించిన పీటర్ సెల్లర్స్ ప్రభావం ఆ యాస మీద ఉందని అతనే చెప్పాడు. అపూను పూర్తిగా తీసిపారేయాల్సిన పాత్ర అనలేం. డాక్టరేటు చేసినవాడు, కష్టజీవి. 1996 నాటి ఒక ఎపిసోడ్‌లో వలసవాసులను వెళ్లగొట్టే ప్రతిపాదన ఊళ్లో ఓటింగుకు వస్తే, భయపడిన అపూ దొంగ కాగితాలు కొంటాడు. తల్లిదండ్రులకు ద్రోహం చేస్తున్నానని సిగ్గుపడి వాటిని కాల్చేసి, పరీక్ష రాసి పౌరసత్వం తెచ్చుకుంటాడు. వలసవాసులకు వ్యతిరేకంగా కాలిఫోర్నియాలో 1994లో నెగ్గిన 187వ ప్రతిపాదనకు అది సూటి జవాబు. కానీ ఇన్ని వందల ఎపిసోడ్లలో బడి పిల్లలకు గుర్తుండిపోయింది ఆ యాస, బేరగాళ్లను మళ్లీ రమ్మనే ఆ ఒక్క ముక్క. ఆంధ్రప్రదేశ్ నుంచి వలసవెళ్లిన తెలుగు దంపతులకు న్యూయార్క్‌లో పుట్టిన కమెడియన్ హరి కొండబోలు 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీశాడు. అమెరికాలో పెరిగిన దక్షిణాసియా నటులు, కమెడియన్లు అందులో వరసగా కూర్చుని, ఆ గొంతుతో తమను ఎలా ఏడిపించేవారో చెబుతారు. టెలివిజన్‌లో వేరే భారతీయుడే కనిపించని రోజుల్లో ఒక్క పాత్రే ఒక జాతి మొత్తానికి ముఖం అయిపోయిందన్నది కొండబోలు వాదన. ఆ సిరీస్ అంటే తనకు ప్రాణమని కూడా అతను అందులోనే చెబుతాడు. అపూను చంపేయమనీ, తీసేయమనీ అతను అడగలేదు.

సిరీస్ ఇచ్చిన జవాబే నిరాశపరిచింది. 2018 ఏప్రిల్‌లో ఒక ఎపిసోడ్‌లో హోమర్ కూతురు లీసా ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోతే ఏం చేయగలం అన్నట్టు మాట్లాడుతుంది. పక్కనే అపూ ఫొటో. ఊరంతా ఒకవైపు ఉన్నా న్యాయం వైపు నిలబడే పిల్ల లీసా. ఆ మాట ఆమె నోట పెట్టడంతో ముప్ఫై ఏళ్లుగా నిర్మించిన పాత్రే చెదిరింది. అజారియా మాత్రం విన్నాడు. 2020 జనవరిలో అపూకు గొంతు ఇవ్వడం మానేశాడు, 2021లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అపూ ఇప్పుడు గుంపు సన్నివేశాల్లో మాట లేకుండా కనిపిస్తాడు. పాత తరం మూస పాత్రలను మార్చుకుంటూ పోతే హాస్యమే మిగలదని కొందరు వాదిస్తారు. అపూ విషయంలో జరిగింది అది కాదు. మార్చే అవకాశం ఉన్నచోట మౌనం ఎంచుకున్నారు. కొట్టు అమ్మేయొచ్చు, పిల్లలు ఎదురు ప్రశ్నించొచ్చు, భారతీయ నటుడి గొంతుతో అపూ ఊళ్లోవాళ్లకు ఇన్నాళ్లూ చెప్పని మాటలు చెప్పొచ్చు.

అలా చేయొచ్చని 'బిగ్ మౌత్' నిరూపించింది. నిక్ క్రోల్, ఆండ్రూ గోల్డ్‌బర్గ్ ప్రభృతులు 2017లో నెట్‌ఫ్లిక్స్ కోసం మొదలుపెట్టిన ఈ సిరీస్ ఈడొస్తున్న పిల్లల శరీరాల గురించి, రజస్వల కావడం గురించి, సిగ్గు గురించి మాట్లాడుతుంది. హార్మోన్లు రాక్షసుల్లా, సిగ్గు ఓ ముసలి మాంత్రికుడిలా పిల్లల పక్కన నిలబడి చెవిలో ఊదుతుంటాయి. పిల్లల శరీరాలను పెద్దల హాస్యానికి వాడుకుంటున్నారన్న అభ్యంతరం ఉంది, కొన్ని సన్నివేశాల విషయంలో దాన్ని తోసిపుచ్చలేం. 2020 మే నెలలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, తెల్లజాతి తల్లి, నల్లజాతి తండ్రి ఉన్న మిస్సీ పాత్రకు గొంతు ఇస్తున్న జెనీ స్లేట్ తప్పుకుంది. అప్పుడే 'ఫ్యామిలీ గై'లో నల్లజాతి పాత్ర క్లీవ్‌లాండ్‌కు గొంతు ఇచ్చే మైక్ హెన్రీ కూడా తప్పుకున్నాడు. తెల్లవారు కాని పాత్రలకు ఇకపై తెల్లవాళ్లు గొంతు ఇవ్వరని 'సింప్సన్స్' ప్రకటించింది. 'బిగ్ మౌత్' రచయితలు ఆ మార్పును కథలోకి తెచ్చారు. నాలుగో సీజన్‌లో తన నల్లజాతి మూలాలను వెతుక్కునే మిస్సీ, అద్దాల్లో తన వేర్వేరు రూపాలను ఎదుర్కొని, వాటన్నిటినీ తనలో కలుపుకుంటుంది. అక్కడి నుంచి వినిపించేది అయో ఎడెబిరి గొంతు. కార్టూన్‌లో నిజమైన మనిషి తాలూకు ఆనవాలు గొంతు ఒక్కటే. గొంతు ఎవరిదన్న గొడవ పైపై మర్యాదల వ్యవహారం అనుకునేవాళ్లు ఈ ఎపిసోడ్ చూడాలి.

ఒకే వరసలో చూసే స్ట్రీమింగ్ వచ్చాక, ప్రతి వారం అన్నీ మొదటికి రావాలన్న వ్యాపార నియమం సడలింది. దాన్ని అందరికన్నా లోతుగా వాడుకున్నది 'బోజాక్ హార్స్‌మన్' (2014–2020). రఫాయెల్ బాబ్-వాక్స్‌బర్గ్ సృష్టించిన ఈ సిరీస్‌లో మనుషులు, జంతుముఖాల మనుషులు కలిసి హాలీవుడ్‌లో బతుకుతారు. బోజాక్ ఒకప్పటి సిట్‌కామ్ తార అయిన గుర్రం. మొదటి సీజన్‌లోనే, స్వలింగ సంపర్కుడని బయటపడి ఉద్యోగం పోయినప్పుడు తాను అండగా నిలబడని పాత మిత్రుడు హెర్బ్ దగ్గరికి బోజాక్ వెళ్తాడు. క్యాన్సర్‌తో మంచాన ఉన్న హెర్బ్ క్షమించడు. సిట్‌కామ్‌లలో క్షమాపణ చెబితే కథ సుఖాంతం అవుతుందని ప్రేక్షకుడికి ఉన్న అలవాటు అక్కడ తెగుతుంది. 2016లో, అతని పాత షోలో బాలనటిగా చేసిన సారా లిన్ మత్తుమందుల వల్ల చనిపోతుంది. 2020 నాటి ఆఖరి సీజన్‌లో విలేఖరులు తవ్వి తీసేది ఏమిటంటే, ఆమె పడిపోయాక బోజాక్ అంబులెన్స్‌కు ఫోన్ చేయకుండా 17 నిమిషాలు ఆగాడు, తన మీదికి రాకుండా చూసుకోవడానికి. నాలుగేళ్ల పాటు ప్రేక్షకులు విషాదమని అనుకున్నది నేరంగా మారుతుంది. వ్యసనం మీద, మగ తారల బాధ్యత మీద ఇంతకన్నా సూటి కథ మామూలు నటులతో తీసిన సిరీస్‌లలోనూ తక్కువే. ఈ సిరీస్‌కూ తన మచ్చ ఉంది: వియత్నామీ అమెరికన్ డయాన్‌కు తెల్లజాతి నటి ఆలిసన్ బ్రీ చేత గొంతు ఇప్పించారు. దానికి సృష్టికర్త, నటి ఇద్దరూ పశ్చాత్తాపం ప్రకటించారు.

ఇంత గుర్తుపెట్టుకుంటే హాస్యం పోయి పాఠం మిగులుతుందన్నది ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం. 2016లో బోజాక్ సిరీస్ అబార్షన్ మీద తీసిన ఎపిసోడ్ దానికి జవాబు. గర్భం తీయించుకోవాలని డయాన్, ఆమె భర్త నిర్ణయించుకుంటారు. సెలెబ్రిటీల తరఫున ట్వీట్లు రాసే డయాన్, ఆ సంగతిని పొరపాటున పాప్ గాయని సెక్స్‌టీనా ఖాతా నుంచి పెడుతుంది. డాల్ఫిన్ అయిన ఆ గాయని పేరు వస్తుందని అది తన అబార్షనే అని ఒప్పేసుకుని, లేజర్లు, తుపాకులు నిండిన వెర్రి పాట విడుదల చేస్తుంది. విని డయాన్ మండిపడుతుంది. క్లినిక్‌లో ఆమె పక్కన కూర్చున్న ఓ టీనేజీ అమ్మాయి మాత్రం, ఆ పాట వింటే భయం తగ్గుతోందని చెబుతుంది. సిరీస్ తన జోకును తానే వెనక్కి తిరిగి చూసుకుని, అది ఎవరికి ఎందుకు పనికొస్తుందో ఆ అమ్మాయి నోట వింటుంది. ఇందులో పాఠం లేదు, నవ్వు తగ్గలేదు. ఆరన్ మెక్‌గ్రూడర్ 'ది బూన్‌డాక్స్' 2006లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కోమా నుంచి లేపి నేటి అమెరికాను చూపించింది. తన జాతివాళ్లనే ఆయన కఠినంగా మందలించే ఆ కథకు క్షమాపణ చెప్పాలని పౌరహక్కుల నాయకుడు అల్ షార్ప్‌టన్ డిమాండ్ చేశారు. తర్వాత దానికి పీబడీ పురస్కారం వచ్చింది. అక్కడా నవ్వు చేదుగా ఉంది, అయినా నవ్వే.

బెదిరింపుల వల్ల వచ్చే మౌనం వేరే రకం. 2001లో మహమ్మద్ ప్రవక్త పాత్ర ఉన్న 'సౌత్ పార్క్' ఎపిసోడ్ పెద్ద అలజడి లేకుండా ప్రసారమైంది. 2010 ఏప్రిల్‌లో ఓ తీవ్రవాద బృందం హెచ్చరిక తర్వాత, అదే విషయం మీద వచ్చిన ఎపిసోడ్‌లో చివరి ప్రసంగాన్ని కూడా చానెల్ బీప్‌లతో నింపేసింది. విశ్వాసుల మనోభావాలను లెక్కచేయకపోవడం తప్పే అనుకున్నా, ప్రాణభయంతో వచ్చిన కోతకు గౌరవం అని పేరు పెట్టలేం. భారతదేశంలో ఈ చర్చ 2003 జనవరిలోనే వచ్చింది. ఎంటీవీ కార్టూన్ 'క్లోన్ హై'లో గాంధీ క్లోన్‌ను విందులు తప్ప వేరే ధ్యాస లేని కుర్రాడిగా చూపించడంపై నిరాహార నిరసనలు జరిగాయి, ఎంటీవీ క్షమాపణ చెప్పింది, సిరీస్ ఆగిపోయింది. 2023లో అది తిరిగి వచ్చినప్పుడు గాంధీని పక్కన పెట్టేశారు.

మన దేశంలో దీనికన్నా ఎక్కువ ఇబ్బంది తెచ్చింది, కార్టూన్ అంటే పిల్లలదే అన్న నమ్మకం. 'షిన్-చాన్' కథలు 1990లో జపాన్‌లో పెద్దల పత్రికలో మొదలయ్యాయి. 2006లో అమెరికా దాన్ని ఇంకాస్త ఘాటు చేసి, పెద్దల కోసం రాత్రిపూట వచ్చే అడల్ట్ స్విమ్‌లో వేసుకుంది. అదే ఏడాది మన దేశంలో అది పిల్లల చానెల్ హంగామాలో మొదలైంది. తల్లిదండ్రుల ఫిర్యాదులు పెరిగాక 2008లో కేంద్రం ప్రసారం ఆపించింది; కత్తిరింపులతో తర్వాత తిరిగి వచ్చింది. అక్కడ తప్పు ఐదేళ్ల షిన్-చాన్‌ది కాదు, ఏ గదిలో కూర్చోబెట్టాలో చూసుకోకుండా తెచ్చినవాళ్లది. 2021 ఐటీ నిబంధనలు స్ట్రీమింగ్ సరుకుకు యూ, ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు పైబడినవారికి, పెద్దలకు అని ఐదు తరగతులు పెట్టి, భాష, హింస, నగ్నత్వం, మత్తు ఎంత ఉన్నాయో ముందే చెప్పాలన్నాయి. ఇంట్లో రిమోట్ పట్టుకున్నవాళ్లకు అది పనికొచ్చే సమాచారమే. రంగురంగుల గుర్రం బొమ్మ చూసి పిల్లాడి ముందు 'బోజాక్' పెట్టేసే పొరపాటు దానివల్ల తప్పుతుంది.